మూడు రోజుల బఠాణీలు

డబ్బా మూత తీసేసరికి అన్నం అన్నంలాగే ఉంది, కూర కూరలాగే ఉంది. చెంచా పెట్టిన గుర్తు కూడా లేదు.

"ఏమే, ఇవాళ బళ్ళో ఆకలి వెయ్యలేదా?" అంది లైనక్క.

గువ్వ వినిపించుకోనట్టు బూటు లేసు విప్పుతూ కూచుంది. ముడి ఎప్పుడో ఊడిపోయింది. అయినా లాగుతూనే ఉంది.

లైనక్క అనేది ఆవిడకి ఫ్యాక్టరీ పెట్టిన పేరు. కూరగాయలు గడ్డకట్టించి ప్యాకెట్లు చేసే ఫ్యాక్టరీలో, బెల్టు మీద బఠాణీలు ఏరే ఆడవాళ్ళ లైనుకి ఆవిడే పెద్ద. ఆ పిలుపు గేటు దాటి వీధిలోకొచ్చింది. వీధి దాటి ఇంట్లోకొచ్చింది. మొగుడు కూడా సరదాగా ఉన్నప్పుడు అలాగే పిలుస్తాడు. మూడో తరగతి చదివే కూతురికి మాత్రం అమ్మే.

"అడుగుతున్నది నిన్నే. కడుపునొప్పా?"

"కాదు."

"ఉప్పెక్కువైందా?"

"రేపట్నుంచి నాకు బఠాణీలు పెట్టకు."

"అవంటే ప్రాణం కదే నీకు?"

గువ్వ నోట్లోంచి ఒక్కొక్క ముక్కా బయటికి లాగేసరికి పావుగంట పట్టింది. క్లాసులో గోడకి ఒక చార్టు అంటించారట. పైన 'ఆరోగ్య డబ్బా' అని పెద్దక్షరాలు. కింద అందరి పేర్లు. భోజనాల గంటలో క్లాసు టీచరు ఒక్కొక్కరి డబ్బా చూస్తారట. తాజా కూరగాయలుంటే మెరిసే నక్షత్రం. చిప్సులు, బిస్కెట్లు, ప్యాకెట్టు తిండి ఉంటే నల్లచుక్క.

"నీకేం వచ్చింది?"

"చుక్క."

"ఎన్ని?"

గువ్వ నాలుగు వేళ్ళు చూపించింది.

"అదేమిటి! బఠాణీలకి చుక్కేమిటి?"

"ఇవి మా అమ్మ ఫ్యాక్టరీలోవి అని నేనే చెప్పాను టీచరుకి. అప్పుడు టీచరు ఏమన్నారంటే..." పిల్ల ముక్కు ఎగబీల్చింది. "ఐసులో ఎన్ని నెలలు పడున్నాయో, అవి చచ్చిపోయిన కూరలు, వాటిలో ఏమీ ఉండదు అన్నారు. మీ అమ్మకి తాజావి వండే తీరిక లేదేమో అన్నారు. అందరూ నవ్వారు. ఇప్పుడు నన్ను ఐసుపిల్లా అని పిలుస్తున్నారు."

లైనక్క చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆవిడకి ఆ క్షణంలో తెలిసింది. చచ్చిపోయిన కూరలు! పొద్దున ఆరు నుంచి రెండు దాకా, రెండు జతల గ్లౌజులు వేసుకున్నా వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయేలా, ఒక్క పచ్చటి గింజ పక్కన ఒక్క పండుబారిన గింజ పోకుండా ఏరేది చచ్చిపోయిన కూరలా?

బస్సు డ్యూటీ దిగి ఇంటికొచ్చిన మొగుడు సంగతంతా విని నవ్వాపుకోలేకపోయాడు. "అయితే పాపం వాటికో సంతాపసభ పెడదామా?"

ఆవిడ చూసిన చూపుకి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "సరే సరే, నాకేం తెలుసు" అంటూ కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

*

మర్నాడు పొద్దున్నే ఆవిడ మళ్ళీ బెల్టు దగ్గరే ఉంది. లారీలోంచి దించిన కాయ యంత్రంలో పడి, పొట్టు వేరై, గింజలు నీళ్ళలో మునిగి, మరిగే నీళ్ళలో నిమిషమున్నర ఊపిరి బిగబట్టుకుని, మళ్ళీ చన్నీళ్ళలో పడి, చల్లగాలి సొరంగంలోంచి అటువైపు వచ్చేసరికి గులకరాళ్ళలా గలగలమంటాయి. పొలంలో కోసిన దగ్గర్నుంచి ఇంతదాకా ఒక పూట కూడా పట్టదు. ఆ గలగల ఏళ్ళ తరబడి వింటోంది ఆవిడ. ఆ వేళ మాత్రం ప్రతి గింజా తన తరఫున సాక్ష్యం చెబుతున్నట్టు వినిపించింది. చేతులు వాటంతటవే పనిచేసుకుపోతున్నాయి: పగిలిన గింజ, పక్కకి. పుల్ల, పక్కకి. పసుపచ్చది, పక్కకి.

షిఫ్టు దిగి టోపీ తీసి, జుట్టు సవరించుకోకుండానే తిన్నగా బడికి వెళ్ళింది.

క్లాసు టీచరు పట్టుమని పాతికేళ్ళ పిల్ల. చేతుల నిండా సున్నంలా సుద్దపొడి. పిల్లల్ని ఆటలకి పంపించి, బల్ల మీద నోటు పుస్తకాల గుట్ట ముందు కూచుని దిద్దుకుంటోంది. ఆవిడ వెనక గోడ మీద చార్టు. లైనక్క కళ్ళు ముందు అక్కడికే పోయాయి. అన్నిటికన్నా ఎక్కువ నక్షత్రాలు ఒక వరసలో వెలిగిపోతున్నాయి. అది వీధి చివర కూరల బండి పెట్టుకునే ఆమె కూతురిది. అట్టడుగున, దిష్టిచుక్కల్లా నాలుగు నల్లచుక్కలు గువ్వవి.

"మీ కోపం నాకర్థమైందండీ" అంది టీచరు, విషయం విన్నాక. "కానీ ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. సగం మందికి కూర అంటేనే పడదు. ఏదో ఒకటి చెయ్యకపోతే వీళ్ళు చిప్సులతోనే పెరిగి పెద్దవాళ్ళయిపోతారు. ఆ నక్షత్రాలు కూడా నేనే కొనుక్కొచ్చి అంటిస్తున్నాను."

"మంచి పనే చేస్తున్నారు. కాదన్నదెవరు? నా కూతురు కూర తింటోందిగా మరి. బఠాణీ కూర కాదా?"

"ప్యాకెట్టుదండీ. తాజాది కాదు. ఐసులో పెట్టాక పోషకాలేం మిగులుతాయి?"

"మీరు చూశారా పోవడం?"

టీచరు కలం కింద పెట్టింది. "చూడటమేమిటండీ, అందరికీ తెలిసిన విషయమే."

"నాకు తెలీదు. నేను రోజుకి ఎనిమిది గంటలు వాటి ముందే నిలబడతాను. నాకు తెలియనిది వాటిని ముట్టుకోని అందరికీ ఎలా తెలిసిందండీ? పోనీ తెలుసనే అనుకుందాం. నా పిల్లని నలుగురిలో నిలబెట్టి మీ అమ్మకి తీరిక లేదనడం ఏ పుస్తకంలో ఉంది?"

గొంతు లేచింది. పక్క గదిలోంచి సైన్సు మాస్టారు తొంగిచూశారు. రిటైరవడానికి దగ్గర్లో ఉన్న మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆ కళ్ళజోడు కోసమే వెతుక్కునే రకం. ఇద్దరి మాటలూ ఓపిగ్గా విన్నారు.

"ఇది నోళ్ళతో తేలే వ్యవహారం కాదమ్మా. చుక్కలతో తేలుద్దాం" అన్నారు.

"మళ్ళీ చుక్కలా!"

"ఈ చుక్కలు కాదు. అయోడిన్ చుక్కలు. గాయాలకి పూసే మందు ఉంటుంది చూడు, అలాంటిదే. గంజినీళ్ళలో వేస్తే నీలంగా మారుతుంది. దాంట్లో విటమిన్ సి ఉందనుకో, ఆ నీలాన్ని మింగేస్తుంది. ఎన్ని చుక్కల దాకా మింగగలిగితే అంత విటమిన్ ఉన్నట్టు. పోషకాలంటే అదొక్కటే కాదనుకో. కానీ అందరికన్నా ముందు పారిపోయేది అదే. అది నిలబడిందంటే తక్కినవాటి గురించి కొంత ధైర్యంగా మాట్లాడొచ్చు."

టీచరు తలూపింది. "శుక్రవారం పిల్లల తల్లిదండ్రులు వస్తున్నారు. అందరి ముందే చేద్దాం. నా మాట తప్పని తేలితే తప్పని అందరి ముందే చెబుతాను."

"ప్యాకెట్టు నేను తెస్తాను" అంది లైనక్క. "బండి మీద కొన్నవి కూడా నేనే తెస్తాను."

ఎవరూ కాదనలేదు.

*

వీధి చివర బండి మీద పచ్చకాయల కుప్పల మధ్య కూరలామె తడిగోనె దులిపి మళ్ళీ పరుస్తోంది. లైనక్కని చూడగానే మొహం విప్పారింది.

"ఏం వదినా, ఫ్యాక్టరీ మూసేశారా ఏమిటి, నా బండి దగ్గరికొచ్చావు?"

"బఠాణీలు కావాలి."

"నీకు బఠాణీలా!" కూరలామె పకపకా నవ్వింది. ఇంతలోనే గొంతు తగ్గించి, "ఇవాళ వద్దులే వదినా. ఇవి మొన్న వచ్చిన సరుకు. కాస్త వడిలాయి. రేపు పొద్దున కొత్తవి దిగుతాయి, నీ కోసం మంచివి తీసి పెడతాను" అంది.

లైనక్క కాయ ఒకటి చేతిలోకి తీసుకుని నొక్కింది. మెత్తగా లొంగింది. తొడిమ దగ్గర పసుపు తిరిగింది. బెల్టు మీదైతే ఆవిడ చెయ్యి దాన్ని చూడకుండానే పక్కకి నెట్టేసేది.

"ఇవే ఇవ్వు" అంది.

"చెప్తుంటే వినవేం? రేపు..."

"ఇవే కావాలి."

కూరలామె విచిత్రంగా చూసి, తూచి, పైన మరో గుప్పెడు వేసింది. "ఇది గువ్వకి. మా పొట్టి రోజూ దాని కబుర్లే చెబుతుంది." వయసుకి మించి పొడుగు సాగినా ఆ పిల్ల ఇంట్లో పిలుపు పొట్టి. అది బండి వెనక తలకిందులుగా పెట్టిన బుట్ట మీద కూచుని ఎక్కాలు రాసుకుంటోంది. తలెత్తి, "అత్తా, గువ్వని ఆడుకోడానికి పంపవా?" అంది. లైనక్క సరేనన్నట్టు తలూపి గబగబా వచ్చేసింది.

ఇంట్లో ఆ సాయంత్రమే కాయలన్నీ ఒలిచేసింది. ఒలిచిన గింజ కాయలో ఉన్న గింజకన్నా తొందరగా పాడవుతుందని ఆవిడకి చెప్పాల్సిన పని లేదు. గిన్నెలో పోసి, మూత పెట్టకుండా, పొయ్యి పక్క అలమరలో పెట్టింది.

"ఫ్రిజ్‌లో పెట్టవా?" అన్నాడు మొగుడు మంచినీళ్ళకొచ్చి.

"బండి మీద కొన్నవాళ్ళందరికీ ఫ్రిజ్‌లున్నాయా?" అంది.

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. మంగళవారం, బుధవారం, గురువారం ఆ గిన్నె వైపు చూసినప్పుడల్లా గింజలు కాస్త కాస్త ముడుచుకుపోతున్నాయి. అలా ముడుచుకుపోతున్నకొద్దీ ఆవిడకి ధైర్యం పెరిగింది.

*

శుక్రవారం క్లాసు రూము కిటకిటలాడిపోయింది. పిల్లల బల్లల్లో ఇరుక్కుని కూచున్న తల్లులు, గోడకానుకుని నిలబడ్డ తండ్రులు. కూరలామె రాలేదు. సాయంత్రం బేరం వదులుకుని ఎలా వస్తుంది?

సైన్సు మాస్టారు రెండు రకాల బఠాణీలనీ చిన్న తక్కెడలో సమంగా తూచారు. రెండింటినీ వేరువేరుగా, ఒకటే కొలత నీళ్ళు పోసి నూరించారు. గుడ్డలో వడకట్టి రెండు గ్లాసుల్లో పోశారు. రెండింట్లోనూ గంజినీళ్ళు కలిపారు. చెయ్యి వణక్కుండా మోచెయ్యి బల్లకి ఆనించి, ఒక్కొక్క చుక్కా వదలడం మొదలుపెట్టారు. లెక్కపెట్టడం పిల్లల వంతు.

"ఒకటి! రెండు! మూడు!"

ముందు బండి బఠాణీలు. చుక్క పడ్డచోట నీలం మచ్చ తేలి, మాస్టారు గ్లాసు తిప్పగానే మాయమవుతోంది. ఎనిమిదో చుక్కకి మాత్రం ఎంత తిప్పినా పోలేదు. గ్లాసంతా సిరా పోసినట్టయింది.

"ఎనిమిది" అని టీచరు బోర్డు మీద రాసింది.

తర్వాత ప్యాకెట్టువి. ఎనిమిది దాటింది. పది దాటింది. పిల్లల గొంతులు పైకి లేస్తున్నాయి. పదిహేను దగ్గర కొందరు తండ్రులు కూడా లెక్కపెట్టడంలో కలిశారు. పంతొమ్మిదో చుక్కకి నీలం నిలిచింది.

గదంతా ఒక్కసారి హోరెత్తింది. గువ్వ బెంచీ మీదికెక్కి గెంతింది.

"ఐసువాటికి రెండింతల పైనే!" అన్నారెవరో.

"పొలంలోంచి కోసి అప్పటికప్పుడు తింటే దాన్ని మించింది లేదు" అన్నారు మాస్టారు గ్లాసులు పక్కకి జరుపుతూ. "కానీ మనలో అలా తినేవాళ్ళెవరు?" ఆ మాట ఆ హోరులో ముందు వరసలో ఉన్నవాళ్ళకే వినిపించింది. లైనక్కకి వినిపించింది. వేడినీళ్ళలో ముంచినప్పుడే ప్యాకెట్టు బఠాణీల్లో కూడా ఇంతో అంతో పోతుందని ఫ్యాక్టరీ ల్యాబు పిల్ల ఎన్నోసార్లు చెప్పిన సంగతి కూడా గుర్తొచ్చింది. నోరు మెదపలేదు.

టీచరు మొహం ఎర్రబడింది. అయినా ఇచ్చిన మాట తప్పలేదు. అందరి ముందూ నిలబడి, "నేను తెలియకుండా మాట్లాడాను. ఈ పాపకీ వాళ్ళమ్మకీ క్షమాపణ చెప్పుకుంటున్నాను" అంది. గువ్వ పేరు పక్కనున్న నాలుగు చుక్కల మీదా నాలుగు నక్షత్రాలు అంటించింది. అంటించి, పిల్లలవైపు తిరిగి, "సోమవారం నుంచి కొత్త రూలు. గడ్డకట్టించిన కూరలకి నక్షత్రమే. రోజుల తరబడి నిలవుండి పాతబడ్డవాటికి చుక్క. సరేనా?" అంది.

"సరే టీచర్!" అని పిల్లలంతా అరిచారు.

లైనక్క ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చింది. మొగుడికి పంతొమ్మిదో చుక్క దాకా ఒక్కటి వదలకుండా వినిపించింది. శనివారం బెల్టు దగ్గర ఆడవాళ్ళందరికీ మళ్ళీ చెప్పింది. వాళ్ళు గ్లౌజుల చేతులతోనే చప్పట్లు కొట్టారు. వాళ్ళ పిల్లల డబ్బాలనీ ఎవరో ఒకరు ఏదో ఒకటి అన్నవాళ్ళే.

*

సోమవారం గువ్వ డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. పిల్ల గుమ్మంలోంచే అరుచుకుంటూ వచ్చింది.

"అమ్మా, ఇవాళా నక్షత్రమే! టీచరు నా డబ్బా అందరికీ చూపించారు. ఇంకా ఏమైందో తెలుసా? పొట్టికి చుక్క పడింది!"

"ఎవరికి?"

"పొట్టికే! చిక్కుళ్ళు తెచ్చింది. టీచరు చూసి ఇవి నిలవున్నవి కదమ్మా, ఎన్నాళ్ళవి అని అడిగారు. ఇంట్లో ఎప్పుడూ అమ్ముడుపోనివే వండుతారని అదే చెప్పేసింది. ఠక్కుమని చుక్క!" గువ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇప్పుడు దాన్ని అందరూ కుళ్ళుపిల్లా అంటున్నారు."

"ఎవరే మొదట అన్నది?"

"నేనే!" అంది గువ్వ గొప్పగా.

లైనక్క చెయ్యి లేచింది. లేచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కొడితే ఎవర్ని కొట్టాలి? ఆ ఒలిచిన గింజల్ని పొయ్యి పక్కన పెట్టింది ఏ చెయ్యి?

పిల్ల ఆ చెయ్యి వంక, అమ్మ మొహం వంక చూసి బిక్కచచ్చిపోయింది. "నన్నూ ఐసుపిల్లా అన్నారు కదా. అప్పుడది కూడా నవ్వింది" అంది సన్నగా.

లైనక్క చెప్పులేసుకుని బయటికొచ్చింది. వీధి చివరిదాకా వంద అడుగులు కూడా ఉండవు. ఆ రోజు వెయ్యి అడుగులయ్యాయి.

బండి దగ్గర బేరం పలచగా ఉంది. కూరలామె ఈసారి నవ్వలేదు. కాకరకాయలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ, "నీకేం కావాలి?" అంది. వదినా అనలేదు. పొట్టి ఎక్కడా లేదు.

"ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

నిలబడే అంతా చెప్పింది. ఆ రోజు బఠాణీలు ఎందుకు కొన్నదో, కొత్తవి వద్దని పాతవే ఎందుకడిగిందో, ఒలిచి ఎక్కడ పెట్టిందో. మధ్యలో ఒకామె వచ్చి టమాటాలు కావాలంది. కూరలామె తూచి ఇచ్చి, మళ్ళీ వినడానికి నిలబడింది. వింటున్నంతసేపూ కాకరకాయ ఒకటి చేతిలోనే ఉంది.

"అయితే మా బండి పేరు చెప్పే చేశావన్నమాట."

"పేరు చెప్పలేదు. బండి మీదవి అన్నాను."

"ఈ వీధిలో ఎన్ని బండ్లున్నాయి?"

లైనక్క తల దించుకుంది.

"నీ కూతుర్ని అంటే నీకు కడుపు మండింది. మండాలి. నాకు చెప్పి ఉంటే నేనూ వచ్చి ఆ టీచరుని నాలుగు కడిగేసేదాన్ని. కానీ నువ్వేం చేశావు? ఇవి పాతవి, వద్దు అని నా నోటితో నేను నిజం చెబితే, ఆ నిజాన్నే పట్టుకెళ్ళి నా పిల్ల నెత్తిన కొట్టావు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కాస్త నయంగా ఉండేది. "మంచివన్నీ అమ్ముకుంటాను. మిగిలినవి నా పిల్ల తింటుంది. అలా తింటేనే కదా మంచివి మీ ఇళ్ళకొచ్చేది? ఆ చార్టులో దానిదే పై వరస. రోజూ ఇంటికి రాగానే ఇవాళ్టికి ఎన్నయ్యాయో చెప్పేది. అది గెలిచింది ఆ ఒక్కచోటే. రేపట్నుంచి డబ్బా పట్టుకెళ్ళదట. ఆకలేస్తే మంచినీళ్ళు తాగుతుందట."

"రేపు బడికెళ్ళి నేనే..."

"వెళ్ళు. ఏం చేసుకుంటావో చేసుకో." కాకరకాయని కుప్ప మీద పెట్టి అటు తిరిగిపోయింది. "నాకు బేరం ఉంది."

బేరం లేదు. ఇద్దరికీ తెలుసు.

*

మర్నాడు లైనక్క షిఫ్టు మానేసింది. పొయ్యి వెలిగించి గువ్వకి డబ్బా కట్టిందే గాని తను గుక్కెడు టీ కూడా తాగలేదు. భోజనాల గంటకి పది నిమిషాల ముందు క్లాసు గుమ్మంలో నిలబడింది.

"మళ్ళీ ఏమైందండీ?" అంది టీచరు. గొంతులో విసుగు దాచుకోలేదు.

"పిల్లలందరి ముందూ ఒక మాట చెప్పాలి. మాస్టారిని కూడా పిలవండి."

మాస్టారు వచ్చారు. ముప్ఫై ఎనిమిది జతల కళ్ళు ఆవిడ మీదే ఉన్నాయి. అందులో గువ్వవి పెద్దవయ్యాయి. కిటికీ పక్క బెంచీ మీద పొట్టి మాత్రం తలెత్తలేదు. డబ్బా అయితే తెచ్చింది. ఇంట్లో ఏ యుద్ధం జరిగి తెచ్చిందో. సంచీ జిప్పు విప్పకుండా రెండు చేతులూ దానిమీద వేసుకుని కూచుంది.

"శుక్రవారం నేను మోసం చేశాను" అంది లైనక్క.

లైనక్క పిల్లలవైపు తిరిగింది.

"బండామె ఇవి పాతవి, రేపు కొత్తవిస్తానంటే వద్దన్నాను. కావాలనే పాతవి కొన్నాను. కొని ఒలిచి, మూడు రోజులు పొయ్యి పక్కన పెట్టాను. అలా పెడితే ఏ కూరైనా ఓడిపోతుంది. ఆ రోజు దిగిన కాయ తెచ్చి చేసి ఉంటే నా ప్యాకెట్టే ఓడిపోయేదేమో. మా ప్యాకెట్లో ఏమీ ఉండదన్నది తప్పు. బండి మీద కూరల్లో ఏమీ ఉండదన్నది కూడా అంతే తప్పు. ఎనిమిదో చుక్క దాకా నీలాన్ని మింగింది కదా? మీరే లెక్కపెట్టారు. నిలవున్న కూర తిన్నా వంటికి బలమే."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. "తప్పు నాది కూడా" అన్నారు మెల్లగా. "ఎక్కడివి, ఎన్నాళ్ళవి అని అడగకుండానే చుక్కలు వేశాను. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి మొదటి పాఠం అదే చెబుతున్నాను."

టీచరు మొహం కందగడ్డలా అయింది. "మీరొచ్చి నిలదీస్తే మార్చాను. క్షమాపణ కూడా చెప్పాను. ఇప్పుడు మళ్ళీ మీరే వచ్చి కాదంటున్నారు. నన్నేం చెయ్యమంటారండీ? మళ్ళీ రూలు మార్చనా? ఈసారి ఎవరికి చుక్క పెట్టమంటారు?"

"మాకు పెట్టండి" అంది లైనక్క. "డబ్బా కట్టేది పిల్లలు కాదు, మేము. పొద్దున్నే ఏది దొరికితే అది, ఏది మిగిలితే అది కడతాం. ఒకరికి ప్యాకెట్టు, ఒకరికి అమ్ముడుపోనిది, ఇంకొకరికి అదీ ఉండదేమో. చుక్క పెట్టాలనుంటే మమ్మల్ని వరసగా నిలబెట్టి మా నుదుట పెట్టండి. ఏం, నేను రానా? పిల్లకి పెడితే మాత్రం అది డబ్బా ముట్టుకోవడం మానేస్తుంది. లేకపోతే పక్కపిల్లకి పేరు పెడుతుంది. నా కూతురు రెండూ చేసింది."

గువ్వ మొహం దించేసుకుంది. చెవులు ఎర్రగా కందిపోయాయి.

టీచరు ఏదో అనబోయింది. ఇంతలో భోజనాల గంట మోగింది. ఏ రోజైనా గంట మోగగానే డబ్బా మూతల చప్పుడుతో పైకప్పు లేచిపోయే క్లాసు. ఆ రోజు ఒక్క మూత కూడా లేవలేదు. పిల్లలంతా టీచరు చేతివైపు చూస్తున్నారు. చేతిలో నల్ల స్కెచ్ పెన్ను ఉంది. టీచరు దాని వంక తనే కొత్తగా చూస్తున్నట్టు చూసింది. సొరుగు లాగి అందులో పడేసి మూసేసింది. "తినండి" అంది. ఎవరి డబ్బా దగ్గరికీ వెళ్ళకుండా తన కుర్చీలో కూచుండిపోయింది.

ఒక మూత లేచింది. ఇంకొకటి. నెమ్మదిగా చెంచాల చప్పుడు మొదలైంది.

పొట్టి సంచీ మీద చేతులు అలాగే ఉన్నాయి. లైనక్క వెళ్ళి ఆ బెంచీ చివర, పిల్లల బల్లలో పెద్ద మోకాళ్ళు ఇరికించుకుని కూచుంది. పిల్ల కాస్త అటు జరిగింది.

"డబ్బా తియ్యవా?"

పొట్టి సంచీని దగ్గరికి లాక్కుంది. వెనక బెంచీలోంచి గువ్వ తన డబ్బాలో చెంచా పెట్టకుండా ఇటే చూస్తోంది.

"ఏం తెచ్చావో నాకు చూపించవా?"

పొట్టి అప్పుడు తలెత్తింది. అచ్చం వాళ్ళమ్మ చూపే. "ఎందుకత్తా?" అంది. "పరీక్షకా?"

లైనక్కకి తల కొట్టేసినట్టయింది. నిన్న సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్ళతో ఉన్న కడుపు ఆ నిమిషానే, పొరుగు బెంచీలకి కూడా వినిపించేలా గుర్రుమంది. పొట్టి ఉలిక్కిపడి ఆవిడ పొట్ట వంక చూసింది.

"కాదమ్మా" అంది లైనక్క. "ఆకలేస్తోంది."

పొట్టి మెల్లగా జిప్పు తీసి, డబ్బా బల్ల మీద పెట్టి, మూత విప్పింది. చిక్కుడుకాయ కూర. చిక్కుళ్ళు ముదిరి, అంచులు నల్లబడి ఉన్నాయి. మూత తిరగేసి, అందులోకి అన్నం సగం, కూర సగం, ఒక్క కాయ కూడా ఎక్కువతక్కువ కాకుండా చూసి చూసి పెట్టింది. ఆవిడ వైపు తోసింది.

"కారంగా ఉంటుంది" అంది. "మంచినీళ్ళు పెట్టుకో."